మెట్టు భూమా, మెట్ట భూమా?

పెన్న ఒడ్డు: పొద్దున్నుంచి నోట్లో అన్నమయ్య ‘తందనాన’ పాటే. ‘మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే’. కడపలో మా అవ్వ ‘మెట్ట భూమి’ అనే పాడేది. తరువాతి పాదంలో ‘చండాలుడుండేటి సరిభూమి’ ఉంది కదా! మెట్ట ఎత్తు నేల, సరి చదును నేల. అన్నమయ్య ఎగతాళంతా ఆ ఎత్తుపల్లాల్లోనే ఉందేమో.

కొండారెడ్డి బురుజు: అవ్వ మీద గౌరవముంది గానీ అన్నా, మిగతా పాదాలు చూడు. నిద్రించు నిద్ర, కాయు యెండ, పొలయు యెండ. అన్నీ క్రియలే. ఇక్కడొక్కచోట మెట్ట యాడ నుంచి వచ్చె? పుట్టినిల్లు, మెట్టినిల్లు అంటాం, కాలు మోపడమనే ఆ మెట్టే ఇది.

కదిరి మల్లె: మా దిక్కు చెప్పుల్ని మెట్లంటాం. నాకైతే ఆ మాటలో పాంకోళ్ల చప్పుడు వినపడుతుంది. బ్రాహ్మణుడు మెట్టి పోతాడు, చండాలుడు అక్కడే ఉంటాడు.

పెన్న ఒడ్డు: ‘మెట్టు’కు ‘ఉండేటి’ జోడీ! ఇది నాకు తట్టలేదక్కా. అయినా మెట్ట వదల్ను. యతికి రెండూ సరిపోతాయి.

బీజాక్షరం: ‘పొలయు’ను దాటేసి పోతున్నారేం? పాటలో ఏనుగు మీద ఎండ కాస్తుంది, కుక్క మీద పొలస్తుంది, అంటే తిరుగాడుతుంది. ఒకే ఎండకు రెండు క్రియలెందుకు? కుక్క నీడకోసం తిరుగుతుంటే ఎండ వెంటబడుతున్నట్టు లేదూ?

కొండారెడ్డి బురుజు: సార్, అది ‘పుడమి’తో యతి కోసం పడిన మాట. కాయు పెడితే యతి పోతుంది.

బీజాక్షరం: యతి కోసం పడిన మాటను అర్థానికీ పని చేయించినవాడే కవి, నాయనా.

కదిరి మల్లె: మా వేమనైతే ఈ మాట ఇంత మెత్తగా అనేవాడా?

పెన్న ఒడ్డు: మొదలుపెట్టింది! వేమన ఎదురుగా నిలబెట్టి కడిగేస్తాడు. ఈయన ‘తందనాన’ అని చిందేయించి, మనం తాళంలో ఉండగా అంటిస్తాడు. ఏది గట్టి దెబ్బ?

బీజాక్షరం: ఇద్దరి రుచీ తెలిసినాయన అనంతపురం జిల్లావారే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. వేమన మీద ఉపన్యాసాలిచ్చిందీ, తరువాత తిరుపతిలో అన్నమయ్య పాటలు పరిష్కరించి స్వరపరచిందీ ఆయనే.

కదిరి మల్లె: ఆ ఉపన్యాసాల పుస్తకం ఎవరి దగ్గరుంది? నాది అరువు పోయి నాలుగేండ్లాయె.

పెన్న ఒడ్డు: నా దగ్గరుందక్కా, ఆదివారం తెస్తా. ముందు ఈ పాట చెక్కిన రాగిరేకులో ‘ట్టు’ ఉందో ‘ట్ట’ ఉందో చూసినవాళ్లు ఎవరన్నా చెప్పండి సాములూ.