యూపీఐ వద్దన్న చిల్లర దుకాణదారులది తప్పా?

మారతహళ్ళివాసి: 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళ ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. వెంటనే బెంగళూరులో చాలా దుకాణాల్లో స్కానర్లు మాయమై, ‘నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. జీతం చేతికి రాకముందే నా పన్ను కోసేస్తారు. లెక్క బయటపడితే వీరికి మాత్రం అన్యాయం జరిగినట్టా?

కాండిమెంట్స్ బావమరిది: మా బావగారిది కాండిమెంట్స్, అంటే పాలూ బ్రెడ్డూ అమ్మే చిన్న కొట్టు. ఆయనకు నోటీసు రాలేదు, భయపడి స్కానర్ తీసేశారు. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదండీ. చీటీ డబ్బు ఉంటుంది, బంధువులిచ్చిన చేబదులు ఉంటుంది. పైగా పాల మీద అసలు పన్నే లేదు.

లెక్కలు చూసేవాడు: చిన్న సవరణ. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాలతోపాటు సిగరెట్లు కూడా అమ్మితే, రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే 20 లక్షల ఏడాది అమ్మకాల పరిమితి దాటారా లేదా అన్న లెక్కలో పాల అమ్మకమూ కలుస్తుంది. పన్ను మాత్రం సిగరెట్లకే.

కాండిమెంట్స్ బావమరిది: ఆయన సిగరెట్లు అమ్ముతారని నేనన్నానా?

లెక్కలు చూసేవాడు: బిస్కెట్లనుకోండి. పరిమితి 40 లక్షలవుతుంది, పాలు కలిపే నియమం అదే.

బీటీఎం రెండో స్టేజి: బిస్కెట్లకు చేరాం, సంతోషం.

మారతహళ్ళివాసి: చీటీ డబ్బుకు వేరే ఖాతా పెట్టుకోవచ్చు. నోటీసు అంటే పన్ను కట్టమన్న ఉత్తర్వు కాదు, వివరణ ఇవ్వవచ్చని శాఖే చెప్పింది. మొన్న ఒక మెస్‌లో భోంచేశాక నగదు కావాలంటూ నన్ను వానలో ఏటీఎంకు పంపారు. బేరాలు పెరుగుతున్నన్నాళ్ళూ స్కానర్ ముద్దు, లెక్క అడిగితే చేదు!

కాండిమెంట్స్ బావమరిది: మీరు తడిసినందుకు మా బావగారు దొంగా? బేరాలు పెరిగాయని మీకెవరు చెప్పారు? చిల్లర బాధ తీరిన మాట నిజమే, కానీ అదే ఫోన్లో పది నిమిషాల డెలివరీ యాప్‌లూ వచ్చి, ఎదురు అపార్ట్‌మెంటు వారు బ్రెడ్డు కోసం కూడా కిందికి దిగడం మానేశారు. ఆ కంపెనీలకు ఆడిటర్లుంటారు. ఈయనకు ఎవరున్నారు? స్కానర్ అంటించిన కుర్రవాడు ఈ లెక్కను ఎవరెవరు చూస్తారో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ నోటీసుల్లోలా 2021-22 నుంచి లెక్కలు తవ్వితే ఏ కాగితం చూపాలి?

మారతహళ్ళివాసి: నా జీతం లెక్క ఎవరు చూడాలో నన్నూ ఎవరూ అడగలేదు. దాచుకునే వీలు మీకుంది, నాకు లేదు; నా బాధ అదే. పాత బకాయిలు అడగబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు కదా, స్కానర్ మళ్ళీ పెట్టారా?

కాండిమెంట్స్ బావమరిది: జీఎస్టీలో రిజిస్టరు కావాలన్న షరతుతో కదా ఆ ప్రకటన! బావగారు ఆలోచిస్తున్నారు. అంతవరకు నగదే.