రియాక్టర్‌లోకి మనిషిని దింపే పర్మిట్‌పై సంతకం ఎక్కడ జరగాలి?

ప్రశ్న (షిఫ్ట్ ఇన్‌చార్జి, పరవాడ)

నమస్కారం. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రొడక్టు మారినప్పుడల్లా రియాక్టర్ (రసాయనాలను కలిపి చర్య జరిపే పెద్ద పాత్ర) లోపల శుభ్రం చేయడానికి కాంట్రాక్టు కార్మికులను దింపవలసి వస్తుంది. పర్మిట్ పుస్తకం, గ్యాస్ మీటరు, హార్నెస్ (తాడు తగిలించే ఒంటిపట్టీలు) అన్నీ ఉన్నాయి. అయినా గత నెల ఒక రాత్రి షిఫ్టులో, ఆక్సిజన్ 20.9 శాతం (మామూలు గాలిలో ఉండేంత) అని రాసి సంతకాలు కూడా పూర్తయిన రియాక్టర్‌కు నైట్రోజన్ లైను ఇంకా బిగించే ఉండటం చూశాను. వాల్వు మాత్రం మూసి ఉంది. అనుమానం వచ్చి మీటరు ట్యూబును అడుగుదాకా దింపితే అంకె 17కు పడిపోయి అలారం మోగింది. అప్పటికే ఒక కుర్రాడు హార్నెస్ తొడుక్కుని మ్యాన్‌హోల్ అంచున కాలు పెట్టి ఉన్నాడు. పని ఆపించాను గానీ, నేను లేని షిఫ్టులో ఎవరు ఆపుతారని తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. సంతకం బల్ల దగ్గర కాకుండా రియాక్టర్ దగ్గరే జరిగేలా మీ పరిశ్రమల్లో ఏం చేశారో దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత భద్రతాధికారి)

మీరు ఆపినందుకు ఒక ప్రాణం నిలిచింది. మూసిన వాల్వును నమ్మి మనిషిని ఎన్నడూ దింపకూడదు. వాల్వు సీటు అరిగితే నైట్రోజన్ సన్నగా లోపలికి వస్తూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు. లైనును విప్పి వేరు చేయాలి, లేదా ఫ్లాంజ్‌ల (పైపులను కలిపే అంచుల) మధ్య బ్లైండ్ (దారిని పూర్తిగా మూసే లోహపు బిళ్ల) వేయాలి. ఊపిరాడటం లేదన్న బాధ మనకు ప్రధానంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం వల్ల కలుగుతుంది. నైట్రోజన్ పీల్చే మనిషి ఆ వాయువును మామూలుగానే వదిలేస్తుంటాడు కాబట్టి, ఏమీ తెలియకుండానే ఉన్నచోట కూలిపోతాడు.

మీటరు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. మండే ఆవిరిని కొలిచే సెన్సార్లలో ఎక్కువగా వాడే రకం ఆ ఆవిరిని కొద్దిగా మండించి కొలుస్తుంది. ఆక్సిజన్ చాలకపోతే అది సరిగా మండదు, లోపల టోలీన్ అనే మండే ద్రావకం ఆవిరి నిండి ఉన్నా తక్కువ అంకె చూపిస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ చూసి, 19.5 శాతానికి తగ్గలేదని తేలిన తరువాతే ఎల్‌ఈఎల్ (మండే ఆవిరి, అంటుకునే కనీస మోతాదుకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె) చూడాలి. టోలీన్ ఆవిరి గాలి కన్నా బరువు కనుక పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలవాలి.

మేము పర్మిట్ పుస్తకాన్ని ఆఫీసు గదిలో నుంచి తీసేసి ప్లాంటు అంతస్తులోనే ఉంచాం. వేరు చేసిన లైనుకు తాళం వేసి, తాళంచెవిని లోపలికి దిగే మనిషి జేబులోనే పెట్టించాం. అతను బయటికి వచ్చి ఇస్తే తప్ప ఆ లైనును ఎవరూ కలపలేరు. పర్మిట్‌లో ఎన్ని గడులు పెంచినా రాని ఫలితం ఈ ఒక్క పద్ధతితో వచ్చింది.

జవాబు (ట్యాంకు క్లీనింగ్ కార్మికుడు, జీడిమెట్ల)

దిగేవాళ్ల మాట కూడా వినండి. పర్మిట్ ఇంగ్లీషులో ఉంటుంది, మా ముఠాలో సగం మంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు. సంతకం పెట్టమంటే పెడతాం. భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-హెచ్ సెక్షన్, ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికుడికి ఇచ్చిందని మాకు ఒక యూనియన్ పెద్దాయన చెప్పాడు. కానీ ‘దిగను’ అన్నవాడికి మర్నాడు గేటు పాసు ఉండదేమోనన్న భయాన్ని తీసేది మేస్త్రి ఎదుట మీరు చెప్పే మాటే.

ఒక పరిశ్రమలో మురుగునీటి సంపులో మావాడు ఒకడు పడిపోతే, వాడిని లాగడానికి ఇంకొకడు దూకబోయాడు. నేను వెనక నుంచి నడుము పట్టుకుని ఆపాను. కుళ్లిన గుడ్డు వాసన కాసేపటికి పోయింది కదా, గ్యాసు పోయిందని వాడు అనుకున్నాడు. ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుందని మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. పైన నిలబడే మనిషికి ‘నువ్వు దిగకూడదు, తాడు లాగు, కేక వెయ్యి’ అని ప్రతిసారీ చెప్పండి.

జవాబు (ప్రాసెస్ ఇంజనీరు)

ప్రతి ప్రొడక్టు మార్పుకూ దిగడం నిజంగా అవసరమా అన్నది కూడా చూడండి. మేము స్ప్రే బాల్ (లోపల అన్నివైపులా చిమ్మే రంధ్రాల గోళం) అమర్చి ద్రావకంతో కడగడం మొదలుపెట్టాక, ఆజిటేటర్ (లోపల కలియబెట్టే రెక్కలు) వెనక గట్టిగా పేరుకున్నప్పుడు మాత్రమే మనిషిని దింపుతున్నాం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తాళంచెవి పద్ధతిని ఈ వారమే ప్లాంటు మేనేజరు ముందు పెడతాను. పర్మిట్‌ను తెలుగు, ఒడియా, హిందీలలో రాయించి, దిగే మనిషికి చదివి వినిపించాకే సంతకం తీసుకుంటాను. రియాక్టర్ల పైన పైపులు అడ్డంగా ఉండి ట్రైపాడ్ (మనిషిని తాడుతో పైకి లాగే మూడుకాళ్ల స్టాండు) నిలపడానికి చోటు లేని చోట, పడిపోయిన మనిషిని పైకి లాగే ఏర్పాటు ఎవరైనా చేసి ఉంటే వివరంగా రాయగలరు.