బతుకమ్మ 2025 వాలంటీర్ ప్లానింగ్ (సెప్టెంబర్ 21, చికాగో బేర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట సంగతి కూడా ఇందులోనే)

ఈవెంట్ కోఆర్డినేటర్, ఆగస్ట్ 24

అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. సెప్టెంబర్ 21 ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి 8 వరకు మనదే. ఏటా వీకెండ్ కోసం పండగను ముందుకో వెనక్కో జరుపుతుంటాం. ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ అచ్చంగా ఆదివారమే పడింది. కాబట్టి జనం గట్టిగానే వస్తారు. నేపర్‌విల్, అరోరా వాళ్లే కాదు, షాంబర్గ్ వైపు నుంచి కూడా ఇప్పటికే అడుగుతున్నారు.

పూలు, వంట, సౌండ్, రిజిస్ట్రేషన్ టేబుల్ పాతవాళ్లే చూసుకుంటామన్నారు, సంతోషం. నాకు కంగారంతా పార్కింగ్, టేబుళ్లు మోయడం, చివర్లో హాలు ఊడ్చి అప్పజెప్పడం గురించే. దానికి హైస్కూల్ పిల్లలు కావాలి. సర్వీస్ అవర్స్ రాసి సంతకం పెట్టి ఇస్తాం. యూత్ కమిటీ వాళ్లు ఈ వారంలో పేర్లు పంపండి.

యూత్ కమిటీ, ఆగస్ట్ 25

అన్నా, ఒక చిక్కుంది. అదే రోజు 3:25కి చికాగో సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో మన బేర్స్‌కీ డాలస్ కౌబాయ్స్‌కీ ఆట. గ్రూపులో పేర్లు అడిగితే పిల్లలందరిదీ ఒకటే మాట: ఒంటిగంటకు వచ్చి టేబుళ్లు వేస్తాం, మూడింటికి వెళ్లిపోతాం. సరిగ్గా పార్కింగ్ నిండే టైము, బతుకమ్మలను కార్లలోంచి దింపే టైము అదే.

హాలు పక్కనున్న చిన్న గది కూడా మన అద్దెలోనే ఉంది కదా. అందులో ప్రొజెక్టర్ పెట్టి ఆట వేద్దాం. పిల్లలు వంతులవారీగా డ్యూటీ చేస్తారు. ఇంటికి వెళ్లే పని ఉండదు.

ఫుడ్ కమిటీ, ఆగస్ట్ 25

పండగకి పిలిచి ఫుట్‌బాల్ చూపిస్తారా? పిల్లల వెనకాలే వాళ్ల నాన్నలు కూడా ఆ గదిలో దూరతారు, నాకు తెలీదా. మరి వడ్డించేదెవరు? పైగా పోయినేడు ఈ టీమ్ ఓడిన ప్రతి ఆదివారం మా ఇంట్లో రాత్రి అన్నానికి ఎవరూ కిందికి దిగలేదు. పండగపూట ఆ ఏడుపు మొహాలు నాకొద్దు తమ్ముడూ.

యూత్ కమిటీ, ఆగస్ట్ 26

అక్కా, నీ కోపం న్యాయమే. కానీ ఈ సీజన్ గురించి పిల్లలు ఎందుకింత పట్టుగా ఉన్నారో ఒకసారి చెప్తా, విను.

మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, కేలబ్ విలియమ్స్. టీములు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో అతణ్ణి మొట్టమొదటి పేరుగా తీసుకున్నారు. అంతకుముందు కాలేజీ ఆటలో అన్నిటికంటే పెద్ద అవార్డు హైస్మన్ కూడా గెలిచాడు. ఊరంతా ఇక మన కష్టాలు తీరినట్టే అనుకుంది. మొదటి ఆరు ఆటల్లో నాలుగు గెలిచారు కూడా. తర్వాత అక్టోబర్ 27న వాషింగ్టన్‌లో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది, మీవాడు రిమోట్ విసిరేసిన రోజు అదే. ఇంకా 25 సెకన్లుందనగా మనవాళ్లు ఆధిక్యంలోకి వచ్చారు. ఆఖరి బంతిని అవతలివాడు గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు విసిరాడు. మన డిఫెండర్ ఒకడు ఆట మొదలైనా ప్రేక్షకుల వైపు తిరిగి వాళ్లని గేలి చేస్తూ నిలబడ్డాడు, ఆలస్యంగా పరిగెత్తుకొచ్చి బంతిని తట్టాడు, అది వెళ్లి వెనకాల ఖాళీగా ఉన్న వాషింగ్టన్ ఆటగాడి చేతుల్లో పడింది. 18-15తో ఓటమి. అక్కణ్ణుంచి వరసగా 10 ఓటములు. మధ్యలో ఆటల ప్లాన్ వేసే కోచ్‌ని తీసేశారు. థ్యాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్‌లో గడియారం ఆపే టైమవుట్ చేతిలో ఉండి కూడా వాడుకోకుండా గడియారం నడిచిపోతుంటే చూస్తూ కూర్చుని ఓడారు. మర్నాడే హెడ్ కోచ్ మాట్ ఎబర్‌ఫ్లూస్‌ని పంపించేశారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని తీసేయడం బేర్స్ చరిత్రలోనే అది మొదటిసారి.

ఇంత గందరగోళంలోనూ ఆ కుర్రాడి లెక్క చూడు: పాసులతో 3,541 గజాలు, 20 టచ్‌డౌన్లు (బంతి చివరి గీత దాటితే వచ్చే స్కోరు), ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసిన పాసులు) 6 మాత్రమే. కానీ బంతి విసిరేలోపే అతణ్ణి పడగొట్టింది 68 సార్లు. ఆ ఏడాది లీగ్‌లో ఇంకెవరూ అన్నిసార్లు కింద పడలేదు. క్రికెట్ లెక్కలో చెప్పాలంటే, అవతలి ఎండ్‌లో ఒక్కడూ నిలబడకపోతే కొత్త ఓపెనర్ ఎన్నని కొడతాడు? ఈసారి కొత్త హెడ్ కోచ్ బెన్ జాన్సన్, డెట్రాయిట్‌కి ఆట ప్లాన్లు వేసినవాడే. ముందు నిలబడి కాపాడే లైన్‌లోకి జో తూనీ, జోనా జాక్సన్, డ్రూ డాల్మన్ వచ్చారు. పిల్లల ఆశంతా అక్కడుంది.

పెద్దల కమిటీ, ఆగస్ట్ 26

బాబూ, అంతా బాగా చెప్పావు. నేను ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఇదే కథ వింటున్నాను. ప్రతిసారీ కొత్త క్వార్టర్‌బ్యాక్ మీదే ఆశ. రెక్స్ గ్రాస్‌మన్ అన్నారు, జే కట్లర్ అన్నారు. 2017లో, తర్వాత పెద్ద స్టార్ అయిన మహోమ్స్‌ని వదిలేసి ట్రుబిస్కీని తెచ్చారు. ఆ తర్వాత ఫీల్డ్స్ వచ్చాడు, వెళ్లిపోయాడు. ఒక సీజన్‌లో 4,000 గజాలు విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఈ టీమ్‌కి ఇంతవరకూ లేడు. 1995లో ఎరిక్ క్రేమర్ విసిరిన 3,838 గజాలే పోయిన సీజన్ దాకా రికార్డు. ఇప్పుడు ఈ అబ్బాయి ఆ 4,000 దాటాలంటున్నాడట, విసిరిన వాటిలో నూటికి 70 చేరాలని కోచ్ అంటున్నాడట. వినడానికి చెవులకి ఇంపుగానే ఉంది. పోయినేడు నూటికి 62 పైచిలుకే చేరాయి.

ప్రొజెక్టర్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. కుర్చీ మాత్రం గోడకి ఆనుకుని ఉండేది వేయండి, నడుం నొప్పి.

యూత్ కమిటీ, ఆగస్ట్ 26

బాబాయ్, 17వ తేదీన సీజన్‌కి ముందు జరిగే సన్నాహక ఆటలో బఫెలో మీద 38-0 గెలుపు చూశారు కదా! కేలబ్ ఆడిన మొదటి విడతలోనే 92 గజాలు నడిపించి టచ్‌డౌన్ కొట్టాడు.

పెద్దల కమిటీ, ఆగస్ట్ 26

చూశాను. బఫెలో అసలు ఆటగాళ్లు బెంచీ మీద కూర్చుని ఉండటం కూడా చూశాను.

పూల కమిటీ, ఆగస్ట్ 28

ఆట గోల తర్వాత, ముందు పూల సంగతి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు, ఏటా ఉన్న బాధే. గునుగు బదులు సెలోషియా తెప్పిస్తున్నాం, అదీ ఇదీ ఒకే జాతి, వరసల్లో పేర్చితే గోపురం బాగా నిలబడుతుంది. బంతి, చామంతి హోల్‌సేల్‌లో చెప్పాం. జినియాలు పెరట్లో ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం కోసి, కాడలు రెండు అంగుళాలు ఉంచి, తడిబట్టలో చుట్టి తెండి. ఫ్రిజ్‌లో పెడితే రేకులు నల్లబడతాయి, బేస్‌మెంట్‌లో పెట్టండి చాలు. అడుగున పరచడానికి గుమ్మడి ఆకులు ఎవరి పెరట్లో ఉన్నాయో చెప్పండి.

మా కమిటీలో నలుగురం బేర్స్ చూసేవాళ్లమే. ఆ గదిలోనే ఒక మూల టార్పాలిన్ పరిచి, ఆట చూస్తూ బతుకమ్మలు పేరుస్తాం. చేతులకి పని, కళ్లకి ఆట. పిల్లలూ నేర్చుకున్నట్టవుతుంది. ఫుడ్ కమిటీ అక్క ఏమంటుందో మరి.

ఫుడ్ కమిటీ, ఆగస్ట్ 28

మీరంతా ఒకటయ్యాక నేనేమంటాను? సరే కానివ్వండి. నావి మూడు షరతులు. గదిలోకి భోజనం ప్లేట్లు వెళ్లవు, హాల్లోనే తినాలి. 4:30కి ఆట మొదలెట్టాక ఆడపిల్లల్ని ఎవరూ స్కోరు పేరుతో పిలవకూడదు. ఇక, ఓడితే ఏడుపు పార్కింగ్‌లో, లోపల కాదు.

(పైన 4:30కి ఆట అంటే బతుకమ్మ ఆట. ఇప్పుడు అది కూడా విడమర్చి చెప్పాల్సి వచ్చింది చూడండి.)

సౌండ్, ఆగస్ట్ 30

ప్రొజెక్టర్ నేను తెస్తా. హాలు వైఫై మీద స్ట్రీమింగ్ వద్దు, జనం నిండాక అది పాకుతుంది. ఫాక్స్ ఛానెల్ మామూలు యాంటెన్నాతో ఉచితంగానే వస్తుంది, కిటికీ దగ్గర పెడితే చాలు. పైగా స్ట్రీమింగ్ కొంచెం వెనక నడుస్తుంది, ఫోన్లో ముందే స్కోరు చూసి ఎవడో ఒకడు అరుస్తాడు, మిగతావాళ్ల మజా పోతుంది.

కరెంటు గురించి గట్టిగా చెప్తున్నా. పోయినసారి స్పీకర్లూ పెద్ద కాఫీ కెటిలూ ఒకే లైన్ మీద పెట్టాం, పాట మధ్యలో బ్రేకర్ పడిపోయింది. అక్కవాళ్లు చప్పట్ల మీదే పాట నడిపించారు కాబట్టి పరువు దక్కింది. ఈసారి స్పీకర్లకి స్టేజీ వెనక ప్లగ్, కెటిల్‌కి వంటగది ప్లగ్, ప్రొజెక్టర్‌కి చిన్న గది ప్లగ్. ఎక్స్‌టెన్షన్ తీగల మీద టేప్ అంటించే పని పిల్లలకి ఇవ్వండి, లంగా ఓణీలు తగులుకుంటాయి.

యూత్ కమిటీ, సెప్టెంబర్ 9

నిన్న రాత్రి మిన్నెసోటా ఆట చూసినవాళ్లకి నమస్కారం. కేలబ్ మొదటి 10 పాసులూ సరిగ్గా చేరాయి. మూడో క్వార్టర్ అయ్యేసరికి 17-6తో ముందున్నాం. నాలుగో దాంట్లో అవతలి కుర్రాడు, అదీ మన పక్కనే లా గ్రాంజ్ పార్క్‌లో పెరిగిన జేజే మెకార్తీ, తన మొదటి ఆటలోనే లాగేసుకున్నాడు. 27-24తో ఓడాం. పార్కింగ్‌కి పేర్లిచ్చిన వాళ్లలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

పెద్దల కమిటీ, సెప్టెంబర్ 9

రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. రాయకూడదనుకున్నాను గానీ, కేలబ్ ఆ మొదటి విడత బాగా ఆడాడు.

ఈవెంట్ కోఆర్డినేటర్, సెప్టెంబర్ 15

డెట్రాయిట్ 52, మనం 21. ఇక దాని గురించి నేనేం రాయను. అడగాల్సింది అడుగుతున్నా: గదిలో ఆట ఉంచుదామా, తీసేద్దామా? ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేసి పిల్లలకే ఉత్సాహం లేదన్నారు.

యూత్ కమిటీ, సెప్టెంబర్ 15

ఉంచుదాం అన్నా. నేను అందరినీ అడిగాను. పదకొండో తరగతి చదివే ఒకమ్మాయి అన్నమాట మీకు చెప్పాలి. "గెలిచేటప్పుడు చూడ్డానికి ఇల్లు చాలు, ఇలాంటప్పుడే పక్కన నలుగురు కావాలి" అంది. వాళ్లు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడతారు, ఈ ముక్క మాత్రం తెలుగులోనే చెప్పింది.

ఇంకో సంగతి. 52 పాయింట్లు ఇచ్చింది డిఫెన్స్, కేలబ్ కాదు. అతను రెండు టచ్‌డౌన్లు విసిరాడు, ఒక్కటే ఇంటర్‌సెప్షన్. అయితే బంతి పట్టుకుని మరీ ఎక్కువసేపు నిలబడుతున్నాడు, ఇంకొక్క సెకను ఆగితే ఎవరో ఖాళీ అవుతారన్న ఆశతో. ఆ అలవాటు పోవాలి. లైన్ మారింది, కోచ్ మారాడు, ఇక మారాల్సింది అతని పాదాలే.

ఇంకో మాట బాబాయ్‌కి: ఆదివారం డాలస్ డిఫెన్స్‌ని నడిపించేది ఎవరో తెలుసు కదా. పోయినేడు మనం పంపించేసిన ఎబర్‌ఫ్లూసే.

పెద్దల కమిటీ, సెప్టెంబర్ 15

తెలుసు. అందుకే కుర్చీ ముందు వరసలోకి మార్చండి. డాలస్‌లో మా బావమరిది పొద్దుటి నుంచి వాట్సాప్‌లో ఏడిపిస్తున్నాడు.

ఈవెంట్ కోఆర్డినేటర్, సెప్టెంబర్ 20

ఆఖరి మాటలు. పార్కింగ్ మొదటి వంతు ఒంటిగంట నుంచి 3:20, రెండో వంతు హాఫ్‌టైమ్ నుంచి మొదలు. మధ్యలో ఆ గంటన్నర నాన్నలు చేస్తారు, పసుపు చొక్కాలు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఉంటాయి. ఇది పిల్లల కోరికే, పని మేం చేయం అని వాళ్లు అనలేదు, ఆట ఒక్క సగం చూడనివ్వమన్నారు. పెద్దవాళ్లం ఆ మాత్రం నిలబడలేమా?

నైవేద్యానికి నువ్వుల పొడి, బియ్యప్పిండి, బెల్లం వంటగదిలో ఉన్నాయి. పార్కు చెరువులో నిమజ్జనానికి అనుమతి లేదు, పెద్ద నీళ్ల తొట్టి పెరట్లో పెడుతున్నాం. ఏడు గంటలలోపు పొద్దు గుంకుతుంది, 6:30కి అందరం బయటికి రావాలి. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లినా సరే.

ఫుడ్ కమిటీ, సెప్టెంబర్ 21

గదిలోంచి ఆ అరుపేంటి? పులిహోర గిన్నె చేతిలోంచి జారబోయింది.

పూల కమిటీ, సెప్టెంబర్ 21

అక్కా, కేలబ్ బంతి వెనక్కి ఇచ్చి, అది మళ్లీ అతనికే తిరిగి వస్తే, 65 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు! కొత్త కుర్రాడు లూథర్ బర్డెన్ పట్టుకున్నాడు, అతని మొట్టమొదటి టచ్‌డౌన్! ఒక బతుకమ్మ ఒరిగింది, సరిచేస్తున్నాం. వస్తున్నాం.

ఈవెంట్ కోఆర్డినేటర్, సెప్టెంబర్ 22

31-14తో గెలిచాం. కేలబ్‌వి 298 గజాలు, 4 టచ్‌డౌన్లు. సరే, ఇప్పుడు పనిలోకి రండి.

హాలు అప్పజెప్పాం, డిపాజిట్ తిరిగొస్తుంది. రెండు ఇత్తడి తాంబాళాలు, ఒక పట్టుచీర సంచి, పిల్లల బూటు ఒకటే (కుడికాలిది) నా దగ్గర ఉన్నాయి. పెద్ద గరిట ఎవరో పట్టుకెళ్లారు, ఫుడ్ కమిటీ అక్క వెతుకుతోంది. పూల ఖర్చు రశీదులు శుక్రవారంలోపు ట్రెజరర్‌కి పంపండి.

పెద్దల కమిటీ, సెప్టెంబర్ 22

ఒక్క ఆటే. ఇంకా చాలా సీజన్ ఉంది. వచ్చే ఆదివారం లాస్ వేగస్ ఆట కూడా 3:25కే, మా ఇంటికి రండి. కుర్చీలు తక్కువ, ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.

ఫుడ్ కమిటీ, సెప్టెంబర్ 22

వస్తాం బాబాయ్‌గారూ. సద్దుల రోజు మలీద ఎవరు చేస్తున్నారో అక్కడే తేల్చుకుందాం. గరిట కూడా అక్కడికే తెండి, ఎవరి దగ్గరుందో వాళ్లు.