ఉల్లికి పొర ఉంది, మరి కేకుకి?

అందరికీ నమస్కారం. ‘లేయర్’కి తెలుగేమిటంటే ‘పొర’ అని ఎవరైనా టక్కున చెప్తారు. నా చిక్కు ఆ మాట పేరుతో కాదు, అది ఒక సన్నివేశంలో పలకాల్సిన తీరుతో.

2001లో వచ్చిన ‘ష్రెక్’ యానిమేషన్ సినిమా నాకు ప్రాణం. మొన్న మా మేనకోడలికి, ఏడేళ్ల పిల్లకి, పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతూ చూపించాను. అంతా బాగానే సాగింది. ష్రెక్, గాడిద కలిసి నడుస్తూ మాట్లాడుకునే చోట మాత్రం ఆగిపోయాను. తనలాంటివాళ్లు, అంటే ఇంగ్లీషు కథల్లో ‘ఓగర్’ అనే భీకరాకారులు, ఉల్లిపాయలాంటివాళ్లని ష్రెక్ అంటాడు. అంటే కంపు కొడతారా, ఏడిపిస్తారా, ఎండలో పడేస్తే రంగు మారి తెల్లవెంట్రుకలు మొలుస్తాయా అని గాడిద వరసపెట్టి అడుగుతుంది. చివరికి ష్రెక్ విసిగిపోయి అసలు సంగతి చెప్తాడు: పొరలు. గాడిద అక్కడితో ఊరుకోదు. ఉల్లి అందరికీ నచ్చదు, కేకైతే అందరికీ ఇష్టం, దానికీ అవే ఉంటాయి కదా అంటుంది. ఆ తర్వాత పార్ఫే దగ్గరికి పోతుంది, అదీ పొరలు పొరలుగా వడ్డించే ఒక తీపి వంటకం.

ఇంగ్లీషులో మూడింటికీ ఒకటే మాట. నవ్వంతా దాని మీదే నడుస్తుంది. ‘కేకు పొర’ అనడానికి నాకు నోరు రాలేదు. ‘అంతస్తులు’ అన్నాను. “ఉల్లిపాయకి అంతస్తులుంటాయా మామయ్యా?” అంది పిల్ల. నవ్వాల్సిన చోటు అలా జారిపోయింది. మీరైతే ఏమంటారు?

కోనసీమ నుంచి ఒక సభ్యురాలు:

తెలుగులో ఈ మాటలు లేక కాదండీ, ఎక్కువై వచ్చిన చిక్కు ఇది. ఉల్లికి పొర, మీగడకి తరక, కాజాకి మడత, పూతరేకుకి రేకు, అరటిబోదెకి డొప్ప. కుండ మీద కుండ పెడితే దొంతర. రేకుల మీద రేకులుండే మల్లెని దొంతరమల్లె అంటాం. విడిగా అడిగితే కేకుకి నేను దొంతర అనే అంటాను, చక్కగా కుదురుతుంది. కానీ ఉల్లి దగ్గర పొర అని, కేకు దగ్గర దొంతర అంటే గాడిద వాదం కూలిపోతుంది. రెండూ ఒకటేనని కదా దాని పట్టు!

అందుకని మాట మార్చకండి, తిండి మార్చండి. గాడిద చేత పూతరేకులు అనిపించండి. మా ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో ఒక్క పూత పూస్తే రేకు లేచి వస్తుంది. విడిగా ఉన్నప్పుడు అది రేకే. చుట్టేటప్పుడు మాత్రం మా ఇంట్లో “ఇంకో పొర వెయ్యి, నెయ్యి రాయి” అంటాం. కాబట్టి పొర అన్నా తప్పులేదు.

ఇంకొకరు:

ఒప్పుకోలేనండీ. కోటలు, గుర్రాలు, యోధులు ఉన్న కథలోకి పూతరేకులు ఎక్కడినుంచి వస్తాయి? ఆ లోకం వాళ్లది. తెలుగు చేయడమంటే ఊరు మార్చడం కాదు.

మొదట అడిగినవారు:

మీ అభ్యంతరం సబబే. నేనూ ముందు అలాగే అనుకున్నాను. అయితే ఆ సన్నివేశం మళ్లీ పెట్టి చూశాను. తెర మీద కనిపించేది ఉల్లి ఒక్కటే. కేకూ లేదు, పార్ఫే కూడా లేదు, అవి గాడిద నోట్లో మాటలే. కంటికి కనిపించేది మార్చకూడదు, ఉల్లిని ఉంచాల్సిందే. వినిపించేది మార్చుకునే చోటు ఉంది. ఇంకో సంగతి చెప్తే మీరు సంతోషిస్తారు. పార్ఫే అనేటప్పుడు పెదాలు కలిసి విడిపోతాయి. పూతరేకుకీ అంతే, రెండూ పకారమే! బొమ్మ నోటికి అతికినట్టు సరిపోతుంది.

అసలు ఈ సినిమాయే పుస్తకాన్ని ఇలా విప్పి మళ్లీ చుట్టింది. విలియం స్టైగ్ 1990లో రాసిన పిల్లల బొమ్మల పుస్తకంలో ష్రెక్ తన వికారానికి తానే మురిసిపోతాడు. అతని కోసం ఉన్న రాకుమారి మొదటినుంచీ అతనిలాగే ఉంటుంది. సినిమాలోని ష్రెక్ వేరు. జనం తనని చూడగానే పారిపోతారనీ, తానెవరో తెలియకుండానే తీర్పు చెప్పేస్తారనీ బాధపడతాడు. ఉల్లి మాట ఆ బాధలోంచే వచ్చింది.

అందుకే నాకు ‘పొర’ మీద ఇంత మమకారం. తొక్క అంటే తీసి పారేసేది. పొట్టు కూడా అంతే. పొర అలా కాదు, అదే ఉల్లి. ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి ఏమీ మిగలదు. పైగా మనకి కంటికీ పొర ఉంది. కళ్లకు పొరలు కమ్మాయంటాం. ఇద్దరి మధ్య పొరపొచ్చాలు వచ్చాయంటాం. కాగడాలు పట్టుకుని అతని మీదికి వచ్చిన ఊరివాళ్ల కళ్లకు ఉన్నదీ పొరే. ‘నాకు పొరలున్నాయి’ అని ష్రెక్ తెలుగులో అంటే, ఇంగ్లీషులో లేని ఒక అర్థం అదనంగా వచ్చి చేరుతుంది. అనువాదంలో పోయేవాటి గురించే ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఇక్కడ వచ్చి చేరింది ఉంది.

మరో సభ్యుడు:

ష్రెక్ అనే పేరు గురించి ఒక మాట. యూరప్ యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో ఆ మాటకి భయం అని అర్థం. జర్మన్‌లోనూ దగ్గరి మాట ఉంది. అందుకే అతన్ని రాక్షసుడు అనడం నాకు నచ్చదు. మన రాక్షసులు తపస్సులు చేసి వరాలు పొందినవాళ్లు, వంశం, విద్య ఉన్నవాళ్లు. పిల్లల్ని బెదిరించడానికి మనం వాడే బూచాడే ఇతను. బూచాడికి ఏ కథా ఉండదు, పేరు చెబితే భయపడాలి, అంతే. అదే అతని దుఃఖం కదా. అయితే రాక్షసుడు నవ్వించలేడని మాత్రం అననండి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుణ్ణి చూసి పెరిగినవాళ్లం.

కరీంనగర్ దిక్కు నుంచి ఒక సభ్యుడు:

అన్నా, పొర, బూచాడు రెండూ మంచిగున్నయి. కానీ ఆ బూచాడు ఏ యాసల మాట్లాడాలె? ష్రెక్‌కు గొంతిచ్చిన మైక్ మయర్స్ ముందుగాల మామూలు గొంతుతోని రికార్డు చేసి, తర్వాత స్కాట్లండు యాసల మళ్ల చెప్పిండు. ఆ యాసతోనే ష్రెక్‌కు ప్రాణమొచ్చింది. మన సినిమాలల్ల చానా ఏండ్లు మా యాసను విలన్లకో, నవ్వించేటోళ్లకో ఇచ్చిండ్రు. ఈడ హీరోకు ఇయ్యిండ్రి. గాడిదకు గోదావరి యాస ఇయ్యిండ్రి, పూతరేకులు దాని నోట్ల మంచిగ పలుకుతయి. ఉల్లిపాయ అనకుండ్రి, మా దిక్కు ఉల్లిగడ్డ.

మొదట అడిగినవారు:

తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే రాసుకున్నాను. ఆదివారం పిల్లకి మళ్లీ చూపిస్తున్నాను. ఎక్కడైనా మీ పలుకు తప్పితే దిద్దు:

“ఉల్లిగడ్డకు పొరలుంటయ్ రా. మాకు సుత పొరలుంటయ్. సమజైందా?”

“ఆయ్, అర్థమైందండీ! కానీ ఉల్లిపాయ అందరికీ పడదు కదండీ. పూతరేకులకీ పొరలుంటాయండీ. పూతరేకులొద్దనేవాణ్ణి ఎక్కడైనా చూశారేంటండీ?”