కలెక్టరు, కార్పెంటరు: ఒకే ‘అరు’లో రెండు లాటిన్ ప్రత్యయాలు

కలెక్టరు, డాక్టరు, కార్పెంటరు, ఆఫీసరు, డ్రైవరు అన్న మాటలన్నిటి చివరా మన నోట ఒకే ‘అరు’ పలుకుతుంది గనుక ఇవన్నీ ఒకే ప్రత్యయంతో ఏర్పడ్డవేనా అని మిత్రులొకరు అడిగారు. కావు. మొదటి రెండింటిలో ఉన్నది లాటిన్ ‘-తోర్’, తరువాతి రెండింటిలో ఉన్నది ‘-ఆరియుస్’. డ్రైవరు సంగతి కాస్త చిక్కైనది.

‘-తోర్’ క్రియకు చేరే ప్రత్యయం. బోధించడమనే అర్థమున్న ‘దొకేరె’ నుంచి ‘దొక్తోర్’, మేపడమనే అర్థమున్న ‘పాస్కెరె’ నుంచి ‘పాస్తోర్’ వచ్చాయి. డాక్టరు పుట్టుకతో బోధకుడే గాని వైద్యుడు కాడు. సంస్కృతంలోని ‘-తృ’ దీనికి తోబుట్టువు. దాతకు లాటిన్‌లో ‘దతోర్’, జనిత్రికి (తల్లికి) ‘గెనెత్రిక్స్’ సరిజోళ్లుగా కనిపిస్తాయి. ఇక్కడ ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. ఇది ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి ఇరువురికీ దక్కిన ఉమ్మడి ఆస్తి.

ఫ్రెంచిలో ‘పాస్తోర్’ రెండుగా చీలిన తీరు చూడదగినది. ప్రథమా విభక్తిలో ఊనిక మొదటి అక్షరం మీద పడేది గనుక ఆ రూపం అరిగి ‘పాత్ర్’ అయింది. ద్వితీయలోని ‘పాస్తోరెమ్’లో ఊనిక ‘తో’ మీదికి జరగడంతో అది ‘పాస్తర్’గా నిలిచింది. రెండూ గొర్రెల కాపరులే అయినా, రెండవది మతబోధకుడిని కూడా చెబుతుంది. మనం పాశ్చర్ అని రాసే శాస్త్రవేత్త ఇంటిపేరు, మన చర్చిలలోని పాస్టరు కూడా ఈ కుదురువే. తెలుగులోనూ ఇటువంటి జంట రూపాలున్నాయి: విడిగా వాడేటప్పుడు ప్రథమారూపమైన ‘దాత’ను తీసుకున్నాము, ‘దాతృత్వం’లో మాత్రం ప్రాతిపదిక, అంటే విభక్తి చేరని మూలరూపమైన ‘దాతృ’, యథాతథంగా మిగిలింది.

‘-ఆరియుస్’ నామవాచకానికి చేరేది. మన వేటకాడు, విలుకాడులలోని ‘-కాడు’ చేసే పని దీనిది. ‘కార్పెంతుమ్’ అంటే రెండు చక్రాల బండి, దాన్ని చేసేవాడు ‘కార్పెంతారియుస్’. ఆ బండ్లు పోయినా మాట వడ్రంగికి స్థిరపడింది. ఇదే ప్రత్యయం స్పానిష్‌లో ‘-ఏరో’ అయి ‘కార్తా’ (ఉత్తరం) నుంచి ‘కార్తేరో’ (తపాలా బంట్రోతు) అనే మాటనూ, పోర్చుగీసులో ‘-ఏయిరు’ అయి ‘పెద్ర’ (రాయి) నుంచి ‘పెద్రేయిరు’ (తాపీ మేస్త్రీ) అనే మాటనూ ఇచ్చింది.

ఇక డ్రైవరు. ఇందులోని క్రియ అచ్చమైన జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్‌లు చెందిన భాషాకుటుంబపు) మాట. ప్రత్యయం మాత్రం లాటిన్ ‘-ఆరియుస్’ నుంచే చాలా పూర్వం అరువు వచ్చిందని ఎక్కువమంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. నాల్గవ శతాబ్దంలో గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో వచ్చిన బైబిలు అనువాదంలో లేఖకుడికి ‘బోకారీస్’, బోధకుడికి ‘లైసారీస్’ అన్న మాటలు కనిపిస్తాయి. మొదటిది నామానికి చేరిన పాత పద్ధతి కాగా, రెండవది ‘బోధించు’ అన్న క్రియతో ముడిపడి ఉంది. క్రియల వైపు తిరిగిన ఈ వాడుకే జర్మన్, ఇంగ్లీషులలో ఏ క్రియకైనా తగిలించదగిన నేటి ‘-అర్’గా స్థిరపడిందని నా అభిప్రాయం.

ఇంగ్లీషు స్పెల్లింగు చివర ‘ఓ-ఆర్’ ఉంటే ‘-తోర్’ అనీ, ‘ఇ-ఆర్’ ఉంటే ‘-ఆరియుస్’ అనీ మూలాన్ని తేల్చవచ్చునన్న సూచన కూడా వచ్చింది గాని, అది అంత నమ్మదగిన సాక్షి కాదు. ‘సెయిలర్’ అన్న దేశీ మాటను ఒకప్పుడు ‘ఇ-ఆర్’తోనే రాసేవారు, తరువాతి కాలంలో లాటిన్ మాటల పోలికతో దానికి ‘ఓ-ఆర్’ తగిలించారు.