‘మౌనం అర్ధాంగీకారం’ – ధర పెంచే యాప్‌కి ఈ మాట చెల్లుతుందా?

ప్రశ్న (మాదాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. యాప్‌లలో కనిపించే తెలుగు వాక్యాలు రాయడం నా ఉద్యోగం. ఈ వారం నా దగ్గరికి వచ్చిన వాక్యం ఇది: “వచ్చే నెల నుంచి మీ చందా 149 నుంచి 199 రూపాయలవుతుంది. రద్దు చేసుకోకపోతే మీరు అంగీకరించినట్టే.” రాయడానికి చెయ్యి రాలేదు. ఒప్పుకునేవాళ్లు నొక్కడానికి ఒక బటన్ పెడదామన్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన, తెలుగు బాగా చదువుకున్నవారే, “మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లే అన్నారు కదమ్మా” అన్నారు.

నాకు తెలిసి ఈ మాట ఎక్కువగా పెళ్లి మాటల్లో వినిపించేది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవారు, తను తల దించుకుంటే పెద్దవాళ్లు అలా అనేవారు. అది ఆ పిల్లకి న్యాయమా అన్నది వేరే చర్చ. కానీ అక్కడ కనీసం అడగడమంటూ జరిగింది. అసలు ప్రశ్నే చెవిన పడనివాళ్ల మౌనానికి కూడా ఈ మాట వర్తిస్తుందా? పెద్దలు చెప్పండి.

జవాబు (వనస్థలిపురం, తెలుగు మాస్టారు)

అమ్మా, ముందు అక్షరం సంగతి. అర్ధ అంటే సగం, అర్థ అంటే భావం. అర్ధ + అంగీకారం, సవర్ణదీర్ఘ సంధి. ఫేస్‌బుక్‌లో చాలామంది థ వత్తుతో రాస్తున్నారు, తప్పు. ‘మౌనం సమ్మతి లక్షణం’ అనే మాటా ఉంది, అందులో సగం ప్రసక్తి లేదు. మన ఇళ్లలో నిలబడింది మాత్రం సగమన్నదే. మీ పెద్దాయన ఆ సగాన్ని పట్టుకుని మొత్తం డబ్బు తీసుకుందామంటున్నారు. మిగతా సగం నోటితో చెప్పించుకోవాలి కదా.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది ఆ ‘అంగీకరించినట్టే’. “పని అయినట్టే” అంటే ఇంకా కాలేదనే. “వాన వచ్చినట్టే” అన్నప్పుడు చినుకు పడి ఉండదు. అంగీకారం రాలేదని ఆ వాక్యమే చెబుతోంది.

జవాబు (నాంపల్లి, వకీలు)

మాస్టారికి నమస్కారం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం సమ్మతి అంటే, ఇరుపక్షాలూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. మీరు తప్పన్న ఆ ‘అర్థాంగీకారమే’ చట్టానికి కావాలి.

లా కాలేజీలో అందరం చదివే కేసు ఒకటుంది. 1862, ఇంగ్లండు, ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. ఒకాయన తన అన్నదమ్ముల కొడుక్కి గుర్రం గురించి ఉత్తరం రాశాడు: ఇక నీ నుంచి కబురు రాకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకి గుర్రం నాదే అనుకుంటాను అని. కుర్రవాడు బదులు రాయలేదు. వేలంపాట నడిపే ఆయన పొరపాటున ఆ గుర్రాన్ని ఇంకొకరికి అమ్మేశాడు. ఉత్తరం రాసిన పెద్దాయన ఆ వేలంపాట ఆయన మీద దావా వేసి ఓడిపోయాడు. కుర్రవాడికి మనసులో ఇవ్వాలనే ఉన్నా, బయటికి చెప్పలేదు కాబట్టి ఒప్పందం లేదన్నారు. మౌనాన్ని అంగీకారంగా ఎదుటివాడి మీద రుద్దడానికి వీల్లేదన్నది అక్కడి తీర్పు.

మన దగ్గర 2020 ఈ-కామర్స్ నియమాలు ఇంకా స్పష్టం. కొనేవాడి సమ్మతి అతను స్వయంగా, స్పష్టంగా చేసిన చర్యతోనే నమోదవ్వాలి, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులు చెల్లవు. సాక్షులు చెప్పింది రాసుకునే పాత స్టేట్‌మెంట్ల చివర “చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని” అని ఉంటుంది చూడండి. చదవడం, వినడం, ఒప్పుకోవడం మూడూ విడివిడిగా ఉన్నాయి. ఆ వరస నాకు చాలా ఇష్టం.

జవాబు (ఉప్పల్)

అన్నలూ, అక్కలూ, మా అమ్మకైంది చెప్తా. భక్తి పాటల యాప్, పేరెందుకులే. ఒక్క రూపాయికి ట్రయల్ అన్నడు. అమ్మ పిన్ కొట్టింది. వారం కాంగనే 299 కట్ అయినయ్. “నేను ఊ అననే లే, ఎట్ల తీస్కున్నడు?” అని ఒకటే అడుగుడు.

ఫోన్ తీసి చూసిన. ఆటోపే, అంటే మళ్ల అడగకుండ పైసలు కట్ అయ్యే ఏర్పాటు. ఆ స్క్రీన్ మీద పైన పెద్దగ 1 రూపాయి, కింద సన్నగ ‘1000 రూపాయల వరకు’. ఆ ‘వరకు’లనే ఉంది అంతా. అంత దాకా ఎప్పుడు తీసుకున్నా, రేటు పెంచినా, మళ్ల పిన్ అడగడు. కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ రూల్, వచ్చింది గూడ. ఇంగ్లీషుల, లోన్ మెసేజ్‌ల నడుమ. అమ్మ మౌనంగ లేదక్కా, ఆమెకు తెల్వదు.

జవాబు (నాంపల్లి, వకీలు)

తమ్ముడూ, ఉచిత చందాకి ఆటో డెబిట్ అనుమతి ఇవ్వమని బలవంతపెట్టడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లని మభ్యపెట్టే స్క్రీన్ ఎత్తుగడల) మార్గదర్శకాలు చందా ఉచ్చు కిందే చూపించాయి. మీ దగ్గర తీసుకున్నది ఒక్క రూపాయి, కాబట్టి వాళ్లు ఇది ఉచితం కాదని వాదించవచ్చు. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, ఆ స్క్రీన్ ఫొటో దాచుకోండి. ముందు యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆ ఆటోపే రద్దు చేయించండి.

మళ్లీ మాదాపూర్ నుంచి

అందరికీ ధన్యవాదాలు. అమ్మగారి మాట మా మీటింగులో చెప్తాను. నేను రాసింది ఇది: “ఇప్పుడు నెలకు 149 కడుతున్నారు. మార్చి 5 నుంచి 199 కట్టాలి. మీరు ఒప్పుకుంటేనే తీసుకుంటాం. లేదంటే మార్చి 4తో చందా ఆగిపోతుంది, డబ్బు కట్ కాదు.” కింద రెండు బటన్లు, ఒకే సైజు: ‘199కి ఒప్పుకుంటున్నాను’, ‘వద్దు, ఆపేయండి’. మొదటిదాంట్లో ‘సరే’ చాలన్నారు, నేను ఒప్పుకోలేదు. ప్రతి స్క్రీన్ మీదా సరే నొక్కే అలవాటులో ఇదీ నొక్కేస్తారు. అంకె బటన్ మీదే ఉండాలి.

జవాబు (వనస్థలిపురం, తెలుగు మాస్టారు)

బాగుందమ్మా. ‘కట్ కాదు’ అలాగే ఉంచు, జనం అనేది అదే. మీ యాప్‌లోనూ ఆ భక్తి పాటల యాప్ లాంటి ట్రయల్ వాక్యం ఉంటే, అందులో మాత్రం ‘వరకు’ వచ్చిన చోట పక్కనే అసలు తీసుకునే మొత్తం, తేదీ రాయించు.