విషాద సినిమాకి చివర్లో ఆశ ఉండి తీరాలా?

ప్రశ్న:
నిన్న రాత్రి ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ (1988) అనే జపాన్ యానిమేషన్ సినిమా చూశాను. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ. తను 1945 సెప్టెంబర్ 21 రాత్రి చనిపోయానని అన్నయ్యే మొదట్లో చెప్పేస్తాడు. ఇక ఆశపడటానికి ఏముంది? అయినా చివరిదాకా కదల్లేకపోయాను. మా అక్కేమో "ఏ సందేశమూ లేనప్పుడు అంత ఏడిపించడం దేనికి?" అంటోంది. మీరేమంటారు?

జవాబు 1:
నాదీ మీ అక్కగారి మాటే. ‘బైసికిల్ థీవ్స్’ (1948) అనే ఇటాలియన్ సినిమాలో, తండ్రి ఉద్యోగానికి ఆధారమైన సైకిల్‌ని ఎవరో దొంగిలిస్తారు. అది చివరికీ దొరకదు. కానీ చివర్లో పిల్లాడు తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. అది లేకపోతే ఆ సినిమా మళ్లీ చూసేదాన్ని కాదు.

జవాబు 2:
ఆ చెయ్యి ఓదార్పేనండీ, సందేశం కాదు. వాళ్ల కష్టం ఒక్క పిసరు కూడా తగ్గలేదు కదా! విషాద నాటకం జాలినీ భయాన్నీ రేపుతుందన్నాడు అరిస్టాటిల్. చివర్లో ధైర్యం చెప్పాలని మాత్రం అనలేదు. మా నాన్న పోయినప్పుడు "అంతా మన మంచికే" అన్నవాళ్ల మాటలు నన్ను మరింత కుంగదీశాయి. ఏమీ అనకుండా పక్కన కూర్చున్నవాళ్లే నాకు ఆసరా అయ్యారు. కొన్ని సినిమాలు నాకు అలాగే తోడున్నాయి.

జవాబు 3:
ఆశ లేకపోయినా నాకు ఫర్వాలేదు. పాత్రని సరిగ్గా పరిచయం చెయ్యకుండానే చంపేసి, వయొలిన్‌తో కన్నీళ్లు లాగడమే నచ్చదు. మీరు చూసిన సినిమాలో ఆ పాప ఆకలితో గోళీలని చాక్లెట్లనుకుని చప్పరిస్తుంది. ఆ సీన్‌కి ఏ సందేశం తగిలించినా అబద్ధమే అవుతుంది.